ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటరు ఎవరి ఖాతాలో?

రాత్రి తొమ్మిదిన్నరకి విశాఖలో విమానం దిగాను. ఒడిశాలో ఉన్న మా రాయగడకి రైలు అందుకోవాలి. బెల్టు మీదకి బ్యాగు రాకముందే ఫోన్ తీసి రైల్వే స్టేషన్‌కి క్యాబ్ బుక్ చేశాను. నాలుగు నిమిషాల్లో వస్తుందని చూపించింది. బ్యాగు వచ్చింది, నేనూ బయటికొచ్చాను, తెర మీద కారు బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంది. ఫోన్ మోగింది.

“సార్, డ్రాప్ ఎక్కడండి?”

“స్టేషన్ బాబూ. యాప్‌లో ఉంది కదా.”

“క్యాషా, ఆన్‌లైనా?”

“ఆన్‌లైనే.”

కాస్త ఆగి, “బండి కొంచెం ట్రబుల్ ఇస్తోంది సార్, మీరే క్యాన్సిల్ చేసేసుకోండి” అన్నాడు.

నేను చేయనన్నాను. అతనూ చేయలేదు. ఇద్దరం ఫోన్లు పట్టుకుని, అటు అతనూ ఇటు నేనూ మొండికేసి కూర్చున్నాం. ఏడు నిమిషాలకి నేనే ఓడిపోయాను. రెండో కారాయన ఫోన్ కూడా ఎత్తకుండా మాయమయ్యాడు. మూడో ఆయన ఉన్నమాట చెప్పాడు: “రెండు గంటల నుంచి లైన్లో ఉన్నానండి. స్టేషన్‌కి వస్తే నాకేం మిగల్దు. ఏమనుకోకండి.”

అప్పటికి రైలు మీద ఆశ పోయింది. నా అవస్థ దూరం నుంచి చూస్తున్న ట్యాక్సీ స్టాండాయన నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. రాయగడకి ఎంత అంటే ఆరు వేలు, అప్ అండ్ డౌన్ అన్నాడు. నేను వెళ్లడమే కదండీ, డౌన్ ఎవరికి అని అడిగాను.

“మీరు దిగిపోతారు బాబూ. మరి బండి ఎలా వస్తాదండి?”

క్యాబ్‌వాళ్లు క్యాన్సిల్ చేసినప్పుడల్లా మనం పొగరనో మోసమనో తిట్టుకుంటాం. నేనూ తిట్టుకున్నాను. అయితే ఆ స్టాండాయన అడిగిన ప్రశ్న పట్టుకుని కాస్త లోపలికి వెళితే, ఎయిర్‌పోర్టు గొడవల్లో సగానికి పైగా దాని దగ్గరే తేలతాయి. తిరుగుదారిలో ఖాళీగా నడిచే కిలోమీటరుకి డబ్బు ఎవరివ్వాలి? యాప్ కంపెనీ ఇవ్వదు, ప్రయాణికుడు ఇవ్వనంటాడు, డ్రైవరు భరించలేడు. స్టాండు ట్యాక్సీ ముందే మొత్తం అడిగేస్తుంది. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంటే ఆ ముడి ఇంకా బిగుస్తుంది.

మా సంగతి ముందు చెప్పాలి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం పటంలో ఒడిశావే. కానీ పెద్దాసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా, విమానానికైనా మా తెలుగు ఇళ్లవాళ్ల కాళ్లు విశాఖ వైపే నడుస్తాయి. రాయగడ నుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు, మా రాజధాని భువనేశ్వర్ దానికి దాదాపు రెట్టింపు దూరం. జయపురంలో చిన్న విమానాశ్రయం ఒకటుంది. చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్రం పథకం ఉడాన్ కింద 2022లో అక్కడ 9 సీట్ల విమానం మొదలైంది. పెళ్లిచూపులకి వెళ్లే మా చుట్టాలే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసే పిల్లలు పండక్కి రావాలంటే విశాఖలో దిగాల్సిందే, అక్కడి నుంచి ఏదో ఒక బండి దొరకాల్సిందే.

కనపడని లైను

ఊళ్లో క్యాబ్ బుక్ చేస్తే దగ్గర్లో ఉన్న బండికి కబురు వెళ్తుంది. ఎయిర్‌పోర్టులో అలా చేస్తే గేటు దగ్గర కార్లు కొట్టుకుచస్తాయి. అందుకని యాప్ కంపెనీలు విమానాశ్రయం చుట్టూ కనపడని గీత ఒకటి గీస్తాయి. దాన్ని జియోఫెన్స్ అంటారు. ఆ గీత లోపల, చెప్పిన పార్కింగ్ స్థలానికి వచ్చిన డ్రైవరుకి ఒక నంబరు పడుతుంది. ముందు వచ్చినవాడికి ముందు బుకింగ్. పాత ట్యాక్సీ స్టాండుల్లో పలకమీద రాసే సీరియల్ ఇదే, పలక పోయి ఫోన్ వచ్చింది.

ఈ సీరియల్‌కి కొన్ని నియమాలున్నాయి. గీత దాటి టీ తాగడానికి వెళ్తే నంబరు పోవచ్చు. బుకింగ్ ఒప్పుకుని డ్రైవరు తానే రద్దు చేస్తే లైను చివరికి పోతాడు, రద్దుల లెక్కలో ఒకటి పెరుగుతుంది, అవి ఎక్కువైతే ఐడీ బ్లాక్ అవుతుందన్న భయం. అదే ప్రయాణికుడు రద్దు చేస్తే సాధారణంగా డ్రైవరు నంబరు చెక్కుచెదరదు, మళ్లీ మొదటి వరసలోనే ఉంటాడు. “మీరే క్యాన్సిల్ చేసేసుకోండి సార్” అన్న మాట వెనక ఉన్నది ఇదే. రెండు గంటలు కాచుకున్న నంబరు కాపాడుకోవడానికి అతను నన్ను వాడుకున్నాడు. క్యాన్సిలేషన్ చార్జీ పడితే నాకు పడుతుంది, అతనికి కాదు. తెలివైన ఏర్పాటే. ఎవరి తెలివి అన్నదే ప్రశ్న, ఎందుకంటే ఆ నియమాలు రాసింది డ్రైవరు కాదు.

దగ్గర ట్రిప్పు అంటే అతనికి ఎందుకంత చేదో చూద్దాం. లెక్క కోసం అంకెలు నేనే పెడుతున్నాను. స్టేషన్ 12 కిలోమీటర్లు, కిరాయి 300 రూపాయలు అనుకోండి. ఐదో వంతు కమీషన్ పోతే 240. ఆయిలు ఖర్చు, పార్కింగ్ పోగా 150 చేతికొస్తే గొప్ప. దానికి ముందు లైన్లో రెండు గంటలు, ట్రాఫిక్‌లో 40 నిమిషాలు. మళ్లీ ఎయిర్‌పోర్టుకి రావాలంటే ఖాళీగా 12 కిలోమీటర్లు, వచ్చాక లైను చివర. అదే సీరియల్‌లో అతని వెనకవాడికి నగరం అవతలి కొసకి 900 రూపాయల ట్రిప్పు తగిలిందంటే మనిషికి కడుపు మండదా? ఎయిర్‌పోర్టు లైను ఒక రకంగా లాటరీ టికెట్టు. రెండు గంటల సమయం పెట్టి కొన్నాక వచ్చింది చిన్న బహుమతి అని తెలిస్తే, దాన్ని పారేసి ఇంకోటి గీకాలనిపిస్తుంది.

క్యాషా, ఆన్‌లైనా అన్న ప్రశ్న కూడా ఇక్కడిదే. క్యాష్ ఇప్పుడే చేతిలో పడుతుంది, ఇవాళ డీజిల్ కొట్టించుకోవచ్చు. ఆన్‌లైన్ డబ్బు కంపెనీ తన పాత బాకీలు మినహాయించుకున్నాక అకౌంట్‌లో పడుతుంది. కిస్తీ కట్టే బండివాడికి ఆ ఒకటి రెండు రోజుల తేడా పెద్ద టెన్షనే.

గమ్యం ముందే చూపిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మొదట్లో ట్రిప్పు మొదలయ్యేదాకా డ్రైవరుకి గమ్యం కనిపించేది కాదు, అందుకే ఆ ఫోన్లు. 2021 డిసెంబర్‌లో ఓలా, 2022లో ఉబర్ గమ్యం ముందుగానే చూపిస్తామని ప్రకటించాయి. ఫలితం నాకు కనిపించినంతవరకూ ఇంతే: ఒప్పుకున్నాక కాదనే బదులు, అసలు ఒప్పుకోకుండా వదిలేస్తారు. మన తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. క్యాన్సిల్ లెక్క తగ్గుతుంది, మనం నిలబడే సమయం తగ్గదు.

చట్టంలో ఏముంది

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ ప్రకారం కిరాయి బండి డ్రైవరు ప్రయాణికుణ్ని ఎక్కించుకోనంటే అది నేరమే, కార్లకైతే 500 రూపాయల దాకా జరిమానా. పాత ట్యాక్సీల కాలం నాటి సెక్షన్ ఇది. యాప్ కంపెనీలకి అగ్రిగేటర్ అన్న పేరు పెట్టి, లైసెన్సు ఉండాలని చెప్పింది 2019 సవరణ. దాని వెనక 2020 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. 2022 మేలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఉబర్‌లకి నోటీసులిచ్చింది. డ్రైవర్లు ప్రయాణికుల చేతే బలవంతంగా రద్దు చేయిస్తున్నారన్నది అందులో ఒక ఆరోపణ. అంటే ఆ రాత్రి నాకు జరిగింది ఢిల్లీ దాకా ఎప్పుడో చేరిన విషయమే.

2025 జులై 1న కేంద్రం ఆ మార్గదర్శకాలని కొత్తగా రాసింది. రాష్ట్రం నిర్ణయించిన మూల చార్జీకి రద్దీ వేళ రెండింతల దాకా వసూలు చేయొచ్చు (పాతదాంట్లో ఒకటిన్నర రెట్లే). సొంత బండి నడిపే డ్రైవరుకి కిరాయిలో కనీసం 80 శాతం ముట్టాలి. ఒప్పుకున్న ట్రిప్పుని సరైన కారణం లేకుండా డ్రైవరు రద్దు చేస్తే కిరాయిలో 10 శాతం జరిమానా, అది 100 రూపాయలు దాటకూడదు. ప్రయాణికుడు రద్దు చేసినా అదే లెక్క.

నూరు రూపాయలు! రాయగడ లాంటి ట్రిప్పు ఒప్పుకుంటే వెయ్యో పదిహేను వందలో పోతాయని భయపడే మనిషికి నూరు రూపాయలతో బయటపడటం లాభసాటి బేరం. చిన్న ట్రిప్పుకైతే 10 శాతం అంటే 30 రూపాయలు. అది కూడా కట్టకుండా మన చేత రద్దు చేయించుకునే దారి తెరిచే ఉంది. ఈ జరిమానా రాసినవాళ్లు క్యాన్సిల్‌ని క్రమశిక్షణ సమస్యగా చూశారని నా అనుమానం.

అదే పత్రంలో అసలు ముడి ఉన్న చోటు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బండి ఖాళీగా నడిచిన దూరానికి ప్రయాణికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని, ప్రయాణం 3 కిలోమీటర్ల లోపైతే మాత్రం మినహాయింపని అందులో ఉంది. ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకానే కిరాయి. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే న్యాయం. కానీ ప్రయాణికుడు ఇవ్వక్కర్లేదని చెప్పిన పత్రం, మరి ఎవరివ్వాలో చెప్పలేదు. దింపేసి తిరిగొచ్చే దారి దేనిలోకీ రాదు. ఎవరి పేరూ లేని బిల్లు చివరికి స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడి ఒళ్లో పడుతుంది. అతను దాన్ని క్యాన్సిల్ రూపంలో మన ఒళ్లోకి తోస్తాడు.

ఇవన్నీ కేంద్రం సూచనలు. వీటిని తమ నియమాలుగా తెచ్చుకోవాల్సింది రాష్ట్రాలు. ఆంధ్రాలో ఎక్కి ఒడిశాలో దిగే మాలాంటివాళ్లకి ఒకటి కాదు, రెండు రవాణా శాఖలు.

స్టాండువాళ్ల వైపు నుంచి

స్టాండు ట్యాక్సీవాళ్లని దోపిడీదారులుగా చూడటం తేలిక. ఆరు వేలు అన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. లెక్క కట్టాక కోపం కొంచెం దిగింది. వెళ్లిరావడం 400 కిలోమీటర్లు, లీటరుకి 18 వచ్చే డీజిల్ కారుకి 22 లీటర్లు, లీటరు నూరు వేసుకున్నా 2,200. టోల్ గేట్లు, పక్క రాష్ట్రం పన్ను, రాత్రి డ్రైవరు బేటా, కిస్తీ, టైర్లు. యాప్‌లో వన్‌వే 3,200 చూపించిందనుకోండి, కమీషన్ పోగా 2,560. డీజిల్ తీసేస్తే మిగిలేది 360, టోల్, బేటా ఇంకా తీయనే లేదు. స్టాండాయన ఖాళీ కిలోమీటరుకి నా దగ్గర మొహమాటం లేకుండా డబ్బు అడిగాడు. యాప్ ఆ కిలోమీటరు లేనట్టే నటించింది, అందుకే యాప్ ధర అంత ముద్దొచ్చింది, అందుకే బండి రాలేదు.

స్టాండువాళ్ల కోపానికి ఇంకో మూలం ఉంది. విమానాశ్రయంలో నిలబడే హక్కు ఊరికే రాదు. ప్రీపెయిడ్ కౌంటరుకి, పార్కింగ్‌కి టెండర్లుంటాయి, లైసెన్సు ఫీజులుంటాయి. ఆ బరువు చివరికి ప్రతి ట్రిప్పు మీదా పడుతుంది. యాప్ కంపెనీలు కూడా చాలాచోట్ల విడిగా ఒప్పందం చేసుకుని తమ పికప్ స్థలం సంపాదించుకుంటాయి. అంటే ఇద్దరి పోట్లాటలోనూ విమానాశ్రయం నిర్వాహకుడికి రెండు వైపుల నుంచీ ఆదాయమే. పార్కింగ్, దుకాణాలు, ట్యాక్సీ కౌంటర్ల మీద వచ్చేదాన్ని విమానేతర ఆదాయం అంటారు. 2016 పౌర విమానయాన విధానం ప్రకారం దాంట్లో 30 శాతాన్ని, విమానాశ్రయం విమానాల మీద వసూలు చేసే చార్జీల లెక్కలో తగ్గింపుగా చూపాలి. మిగతాది నిర్వాహకుడిదే. ట్యాక్సీవాళ్లూ క్యాబ్‌వాళ్లూ గేటు దగ్గర కాలర్లు పట్టుకుంటుంటే, ఇద్దరి దగ్గరా చీటీ చింపే మనిషి మాత్రం ప్రశాంతంగా కూర్చుని ఉంటాడు.

దీంట్లో ఒక విచిత్రం ఉంది. ఉబర్ 2013లో బెంగళూరులో అడుగుపెట్టింది, ఓలా అంతకు మూడేళ్ల ముందే పుట్టింది. తర్వాతి కొన్నేళ్లు ఇన్సెంటివ్‌లు ఎలా ఉండేవంటే, స్టాండుల్లో సీరియల్ కాసినవాళ్లే పొలం తాకట్టు పెట్టి కారు కొని యాప్‌లోకి దూకారు. ఇన్సెంటివ్‌లు ఎండిపోయాక కొందరు మళ్లీ స్టాండుకొచ్చారు, కొందరు పగలు యాప్, రాత్రి ప్రైవేటు కిరాయి. మనం రెండు వైరి వర్గాలనుకునేది చాలాసార్లు ఒకే మనిషి జీవితంలో రెండు అధ్యాయాలు.

నంబరు ప్లేటు చూసి

ఇక మా సరిహద్దు. మా వీధిలో డిజైర్ నడిపే కుర్రాడు ఒకడున్నాడు, నా దగ్గర ఏడో తరగతి చదివాడు. తెల్లవారుజామున రాయగడ నుంచి మనుషుల్ని ఎక్కించుకుని పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ ఎయిర్‌పోర్టులో దింపుతాడు. అదే పొద్దున విమానాల్లో రాయగడ రావలసినవాళ్లు దిగుతారు. ఇతని బండి ఖాళీ, వాళ్లకి బండి కావాలి. అయినా ఇద్దరూ కలవరు. యాప్ వాళ్లకి చూపించేది విశాఖ డ్రైవర్లని. ఇతని ఓడీ 18 నంబరు బండి ఆ లైన్లో లేదు. గేటు దగ్గర కాసేపు నిలబడితే, మా స్టాండులో ఒడిశా బండి ఏంటని అడిగేవాళ్లు తయారు. విశాఖ నుంచి ఏపీ 39 బండి ఎవర్నో రాయగడలో దింపి ఖాళీగా వెనక్కి పోతుంది. ఇతను విశాఖలో దింపి ఖాళీగా ఇటు తిరిగొస్తాడు. ఇద్దరూ పార్వతీపురం దగ్గరో ఎక్కడో ఎదురెదురుగా దాటుకుంటారు.

“ఆల బండి అటు ఖాళీ, మన బండి ఇటు ఖాళీ మాస్టారూ. నిండుగా ఉన్నోడు బంకోడు ఒక్కడే” అన్నాడొకసారి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఎల్లో బోర్డు బండికి సాధారణ కాంట్రాక్ట్ పర్మిట్ ఆ రాష్ట్రం వరకే. దాటాలంటే ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉండాలి, లేదా ప్రతి ట్రిప్పుకీ తాత్కాలిక పర్మిట్, అవతలి రాష్ట్రం పన్ను. టూరిస్ట్ పర్మిట్ నియమాలని కేంద్రం 2023లో సులభం చేసింది, ఒకసారి ఫీజు కడితే దేశమంతా తిరగొచ్చు. అయినా నగరంలో రోజంతా లోకల్ ట్రిప్పులు కొట్టే క్యాబ్‌వాడు ఎప్పుడో నెలకొకసారి తగిలే రాయగడ కిరాయి కోసం ఆ ఫీజు ఎందుకు కడతాడు? కట్టనివాడికి మా ఊరి పేరు కనపడగానే చెక్ గేటు, కాగితాలు, ఫైను గుర్తొస్తాయి. డ్రాప్ ఎక్కడ అని అడిగి, రాయగడ అనగానే “అది ఒడిశా కదండీ” అని ఫోన్ పెట్టేసేది అందుకే.

వైట్ బోర్డు బండ్లు ఈ సందులోంచే పుట్టుకొస్తాయి. ఎవరి సొంత కారో, ఆయిలు ఖర్చులిస్తే దింపేస్తానంటాడు. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే 10,000 రూపాయల జరిమానా, జైలుశిక్షకి కూడా వీలుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీతో పేచీ వేరే. మా ఊళ్లో అర్ధరాత్రి ఎవరికైనా బాగోకపోతే ఆ మాటే ఎవరికీ గుర్తుండదు, అది వేరే కథ.

నంబరు ప్లేటు గొడవ మాకొక్కరికే లేదు. రాష్ట్రం విడిపోయిన పదేళ్లకి, 2024 జూన్ 2తో హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది. ఆ వెంటనే అక్కడ ఏపీ నంబర్లతో తిరిగే క్యాబ్‌లని లోకల్ డ్రైవర్లు అడ్డుకుంటున్నారని గొడవ మొదలైంది. ఆగస్టులో ఆ డ్రైవర్లు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ దగ్గర మొరపెట్టుకున్నారు. చట్టం ప్రకారం బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించుకోవాలి. కానీ లైన్లో నిలబడ్డ డ్రైవరు చూసేది సెక్షన్ కాదు, తన ముందు ఇంకో బండి ఉందా లేదా అనే. ఒకే భాష మాట్లాడేవాళ్ల మధ్యే అలా ఉంటే, ఓడీ అక్షరాలు చూసి విశాఖ స్టాండు ముఖం చిట్లించడంలో వింతేముంది.

మిగతా చోట్ల

డ్రైవర్లు ఎప్పుడూ విడివిడిగా క్యాన్సిల్ చేస్తారనుకోవద్దు. 2019లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో రేగన్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ డ్రైవర్లు, విమానాలు దిగే సమయం చూసుకుని అందరూ ఒకేసారి యాప్ కట్టేసేవారు. బండ్లు లేవనుకుని యాప్ ధర పెంచేది. ధర ఎక్కాక మళ్లీ అందరూ ఆన్. అక్కడి టీవీ వాళ్లు దీన్ని బయటపెట్టారు. మోసమే, కాదనను. ధరని యంత్రం నిర్ణయిస్తుందన్నప్పుడు, ఆ యంత్రాన్ని ఏమార్చడం నేర్చుకునేవాళ్లు కూడా పుడతారు.

హైదరాబాద్‌లో 2025 మార్చిలో అదే పని బహిరంగంగా జరిగింది. గిగ్ వర్కర్ల యూనియన్ ‘నో ఎయిర్‌పోర్ట్’ అని పిలుపునిచ్చి, శంషాబాద్ ట్రిప్పులు తీసుకోవద్దంది. అంతకుముందు ఏడాది ఇదే యూనియన్ కిరాయి గిట్టట్లేదని ‘ఏసీ వేయం’ అంటూ ఉద్యమం నడిపింది. శంషాబాద్ ఊరికి దూరం, పైగా ఖాళీ రిటర్న్. తమకి గిట్టుబాటయ్యే ఒకే రకం కిరాయి కావాలన్నది వాళ్ల డిమాండు. విడిగా చేస్తే క్యాన్సిల్, కలిసి చేస్తే సమ్మె.

గోవాది పూర్తి వ్యతిరేక దిశ. అక్కడ స్థానిక ట్యాక్సీ సంఘాలు ఎంత బలమైనవంటే పెద్ద యాప్‌లని కాలు పెట్టనివ్వలేదు. 2018లో ప్రభుత్వ పర్యాటక సంస్థ అండతో గోవామైల్స్ అనే యాప్ వచ్చినా దానితోనూ ఏళ్ల తరబడి పోరాటమే. పోటీ లేకపోతే స్టాండు ధర ఎలా ఉంటుందో గోవా వెళ్లొచ్చినవాళ్లని అడగండి, ఇరవై నిమిషాలు ఆపకుండా చెబుతారు.

ఈ మధ్య యాప్‌లు కమీషన్ మానేసి రోజుకింత అని చందా తీసుకునే పద్ధతికి మారుతున్నాయి. ఆటోలతో మొదలై క్యాబ్‌ల దాకా వచ్చింది. డ్రైవరుకి మంచిదే. ప్రయాణికుడికి ఇందులో ఒక మెలిక ఉంది. కమీషన్ ఉన్నప్పుడు ట్రిప్పు రద్దయితే కంపెనీకీ నష్టం, కాబట్టి క్యాన్సిల్ ఆపాలన్న తపన కొంతైనా ఉండేది. చందా ముందే ముట్టాక నా ట్రిప్పు జరిగినా జరక్కపోయినా దానికి ఒకటే.

మావాళ్లు మాత్రం వీటన్నిటికన్నా పాత పద్ధతిలో ఖాళీ కిలోమీటరుతో తంటాలు పడుతున్నారు. ట్రావెల్స్ డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులున్నాయి. “వైజాగ్ టు రాయగడ, రేపు పది గంటలకి, రిటర్న్ ఖాళీ” అని మెసేజ్ పడుతుంది. తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేస్తారు. నలుగురు కలిస్తే తలా ఎనిమిది వందలో వెయ్యో. కొడుకు విమానం టికెట్టు తీసిన రోజే మేం ముందుగా అడిగేది, ఆ రోజు ఎవరైనా ఎయిర్‌పోర్టు డ్రాప్ కొడుతున్నారా అనే. కోట్లు పెట్టి కట్టిన యాప్ చేయలేని పని, పగిలిన స్క్రీన్ ఫోన్లో ఒక గ్రూపు చేస్తోంది. ఎందుకంటే గ్రూపులో ఉన్న ప్రతివాడికీ రెండు వైపుల దారీ తెలుసు. దీనికీ లోపం లేకపోలేదు. అర్ధరాత్రి విమానం ఆలస్యమైతే గ్రూపు నిద్రపోతుంది, మళ్లీ స్టాండాయనే గతి. కొత్తగా వచ్చిన ఒడియా ఇంజనీరుకి ఈ గ్రూపుల సంగతి చెప్పేవాళ్లుండరు.

ఇంకో మార్పు దారిలో ఉంది. ఇప్పటి విశాఖ విమానాశ్రయం నౌకాదళం స్థావరంలో ఉంది. విమానాలు భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన కొత్త విమానాశ్రయానికి మారితే మొత్తం లెక్క తలకిందులవుతుంది. అది విశాఖ నగరానికి దాదాపు 45 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాలో, అంటే మా వైపు. విశాఖవాళ్లకి శంషాబాద్ కష్టాలు మొదలవుతాయి. ప్రతి ట్రిప్పుకీ పొడవాటి ఖాళీ రిటర్న్, క్యాన్సిళ్లు, బహుశా ఒక ‘నో ఎయిర్‌పోర్ట్’ కూడా. రాయగడ, పర్లాకిమిడి వాళ్లకి మాత్రం దారి తగ్గుతుంది.

మొన్న మా కుర్రాడితో ఇదే అన్నాను. భోగాపురం అయితే నీకు రానూపోనూ దూరం తగ్గుతుందిరా, డీజిల్ మిగులుతుంది అని.

వాడు బండి అద్దం తుడుస్తూ, “మిగల్దు మాస్టారూ. దగ్గరైంది కదా రేటు తగ్గించరా అని ముందు అడిగేది మీరే” అన్నాడు.

అడుగుతాను మరి.